అవునుల కట్టలో ఒక కాగితం

మీరు ఫోనులో ఏదో ఒక పని ఎలా చేయాలో చదువుతుంటారు. ఊరగాయలో ఉప్పు ఎంత వేయాలో, కుళాయి కారుతుంటే ఏం చేయాలో. చదవడం అయ్యాక కింద ఒక చిన్న ప్రశ్న కనిపిస్తుంది. ఇది మీకు ఉపయోగపడిందా? అవును, లేదు. చాలామంది దాన్ని చూడకుండానే వెళ్ళిపోతారు. నొక్కేవాళ్ళు నొక్కి మరిచిపోతారు. మీరు నొక్కినదాన్ని అవతలి పక్క ఎవరో ఒకరు కూర్చుని చూస్తుంటారని మీకు తోచదు. నాకు తోస్తుంది. ఆ అవతలి పక్క కొన్నేళ్ళు కూర్చున్నది నేనే.

తొంభైల్లో నేను చాకీ కేంద్రంలో పనిచేశాను. గుడ్డులోంచి వచ్చిన పట్టుపురుగు పిల్లల్ని రెండో జ్వరం దాకా పెంచి రైతులకు ఇచ్చే చోటును చాకీ కేంద్రం అంటారు. జ్వరం అంటే కంగారు పడకండి. పురుగు తిండి మానేసి, తల ఎత్తి, కదలకుండా నిలబడి పాత చర్మం విడిచే సమయాన్ని మా వైపు జ్వరమనే అంటారు. ఆ సమయంలో షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడరు. పురుగులు జ్వరంనుంచి లేచి మళ్ళీ ఆకు తినడం మొదలుపెట్టినప్పుడు సన్నటి వాన కురిసినట్టు చప్పుడు వస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా మధ్యాహ్నం కునుకు పడితే నాకు ఆ చప్పుడే వినిపిస్తుంది, లేచి చూస్తే ఎండ కాస్తుంటుంది.

రెండు వేలు దాటాక ఒక స్వచ్ఛంద సంస్థ రైతుల కోసం తెలుగులో వెబ్‌సైటు పెట్టింది. పట్టుపురుగుల గురించి రాసేవాళ్ళు కావాలని కబురు పెడితే వెళ్ళాను. అప్పటికి కంప్యూటరును నేను బ్యాంకులో కౌంటరు ఇవతలినుంచి చూసిందే తప్ప ముట్టుకున్నది లేదు. మా ఆఫీసు మదనపల్లెలో ఒక మేడ మీద. కింద పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే బట్టీ. ఆ వాసనకు కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన రాకపోతే పొద్దు పొడిచినట్టు ఉండేది కాదు. నా బల్ల కిటికీ పక్కన ఉండేది. చలికాలం ఉదయాల్లో హార్స్లీ కొండల వైపు అంతా మంచు కమ్ముకుని, ఊరు సగం ఉన్నట్టూ సగం లేనట్టూ కనిపించేది. నేను ఆ మంచును చూస్తూ వ్యాసాలు రాసేదాన్ని. నా రాతలో ఏదైనా మెత్తదనం ఉంటే అది ఆ కిటికీ పెట్టిన భిక్ష, ఏదైనా తప్పు ఉంటే అదీ దాని పుణ్యమే అని తర్వాత తెలిసింది.

నాతో పాటు పేజీలు కూర్చే ఆయన ఒకడు ఉండేవాడు. పాతికేళ్ళు ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చి, ప్రెస్సు మూతబడ్డాక యాభైయ్యో పడిలో కంప్యూటరు నేర్చుకున్న మనిషి. తెరకు అంత దగ్గరగా ముఖం పెట్టి చూసేవాడు కాబట్టి ఆయన కళ్ళద్దాల్లో మా వ్యాసాలు తలకిందులుగా కనిపించేవి. మా ఇద్దరి పైన ఒక పెద్దసారు. ఆయనకు పెద్దగా చదివే తీరిక లేదు, ఎన్ని అవునులు వచ్చాయన్నదే ఆయనకు కావలసింది.

అవునులు ఎలా వచ్చేవో చెప్పాలి. అప్పట్లో ఇంట్లో కంప్యూటరు ఉన్న రైతు ఎవరు? పుంగనూరులో, కుప్పంలో, ఇంకా కొన్ని ఊళ్ళలో సంస్థవాళ్ళు సమాచార కేంద్రాలని పెట్టారు. ఒక గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, దాన్ని నడిపే ఒక అమ్మాయి. రైతు వచ్చి ఫలానా తెగులు గురించి కావాలంటే ఆమె వ్యాసం తీసి గట్టిగా చదివి వినిపించేది. అడిగితే ఒక కాగితం మీద అచ్చు తీసి ఇచ్చేది. చివర మా ప్రశ్న అడిగి, అవునో లేదో నొక్కి, ఏదైనా చెబితే అది కూడా టైపు చేసి పంపేది. మరుసటి ఉదయం అవన్నీ నా బల్ల మీదికి కాగితాలై వచ్చేవి. నేను అవునులని ఒక పక్క, లేదులని ఒక పక్క పెట్టాలి. లేదుల పక్క ఎప్పుడూ ఖాళీయే. అవునులను వారానికొక కట్ట చేసి, కింద బట్టీలో పారేసిన పట్టు పీచుతో కట్టి బీరువాలో పెట్టేదాన్ని.

ఉన్నమాట చెప్పుకోవాలి, నాకు గర్వం తలకెక్కింది. ఒక్కొక్క అవును చూసి ఒక్కొక్క ఇంటిని ఊహించుకునేదాన్ని. సోమల వైపు కొండ కింద ఒక షెడ్డు, అందులో నా మాట ప్రకారం ఆకు వేస్తున్న ఒక చెయ్యి, ఆ వాన చప్పుడు. పేజీలాయన ఒకరోజు నా కట్టను చేత్తో తూచి బల్ల మీద పెట్టాడు.

“అమ్మా, పెండ్లిలో విస్తరి ఏసేటప్పుడే భోజనం బాగుండాదా అని అడిగితే ఎవురైనా ఏం జెప్తారు? బాగుండాదనే అంటారు. మన ప్రశ్న పెట్టె గూడా అంతే కదా. ఆ యమ్మి సదివిన మరునిమిషమే అడగతాండాది. వాళ్ళు ఇంగా ఇంటికే పోలే.”

నాకు కోపం వచ్చింది. రాసేవాళ్ళకు కోపం వస్తే అవతలివాడి అసూయ కనిపిస్తుంది గానీ అర్థం కనిపించదు. నువ్వు ఒక్క వ్యాసం రాసి చూడు, తెలుస్తుందని అన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని తెరలోకి వెళ్ళిపోయాడు.

ఆ వేసవికి ముందు మల్బరీ ఆకుముడుత గురించి రాశాను. మల్బరీ తోటలో ఆకు కొసలు చుట్టుకుపోయి లోపల చిన్న పురుగు తినేస్తుంది. దానికి ఏ మందు, ఎంత నీటిలో, ఎలా కొట్టాలో రాశాను. చివర నాలుగు పంక్తులు అన్నిటికన్నా ముఖ్యమైనవి. మందు కొట్టిన తోటలో ఆకును పదిహేను రోజుల దాకా పట్టుపురుగులకు వేయరాదు. వేస్తే పురుగులు దక్కవు. పాత రైతులకు ఇది కొత్త సంగతి కాదు. కానీ మేం రాసేది కొత్తగా మల్బరీ పెట్టినవాళ్ళ కోసమే కదా.

వ్యాసం ఒక కాగితానికి మించింది. ప్రశ్న రెండో కాగితంలోకి జారిపోతే ఎవరూ జవాబు చెప్పరని, పెద్దసారుకు అవునులు తగ్గుతాయని నాకు భయం. ప్రశ్న పెట్టెను మొదటి కాగితంలోనే ఉంచమన్నాను. పేజీలాయన ఆగి, కింద నాలుగు లైన్లు మిగులుతాయని చెప్పాడు. ఉండనీ, చదివేవాళ్ళు చదువుకుంటారులే అన్నాను. ఈ మాట నేనే అన్నాను, నా నోటితో. దాన్ని తర్వాత ఎన్నిసార్లు మింగుదామని చూసినా దిగలేదు.

ప్రశ్న కనిపిస్తే వ్యాసం అయిపోయిందనే కదా ఎవరైనా అనుకుంటారు? కేంద్రాల్లో అమ్మాయిలు పెట్టె దాకా చదివి ఆపేశారు. మొదటి కాగితమే అచ్చు తీసి ఇచ్చారు. నాలుగు పంక్తులు ఎవరూ చదవకుండా అడుగున ఉండిపోయాయి.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం పేజీలాయన ఏదో పాత కట్ట విప్పి చూస్తున్నాడు. ఎందుకో నాకు తెలియదు, ఆయనకు తెలుసేమో. ఒక కాగితం తీసి నా ముందు పెట్టి, ఇది చదివినారా అన్నాడు. నేను చదవలేదు. అవును అన్న గుర్తు చూసి కట్టలో పెట్టేశాను. పుంగనూరు కేంద్రంనుంచి వచ్చిన కాగితం, సోమల దగ్గరి పల్లెలో ఒక ఆడమనిషి రెండోసారి వచ్చి చెప్పి రాయించింది. అందులో ఇలా ఉంది:

‘వ్యాసం చాలా బాగుంది. మీరు చెప్పినట్టే మందు కొట్టి, మూడో రోజు ఆకు కోసి వేశాము. పట్టుపురుగులు పచ్చటి నీళ్ళు కక్కుకుని ఒక పూటలో చచ్చిపోయినాయి. నా చెయ్యి మంచిది కాదేమో. తోట పీకేస్తాండారు. మీకు ధన్యవాదాలు.’

కాగితం మీది తేదీ చూశాను. కింద బట్టీ నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. ఆ కాగితం అప్పటికి పది రోజులుగా నా బీరువాలో పడి ఉంది. పేజీలాయన ఒక్క మాట కూడా దెప్పలేదు. తిట్టినా బాగుండేది.

పెద్దసారుకు చెప్పాను. పేజీ ఇప్పుడే దిద్దించు, అంతటితో సరి, తప్పు మనదని ఊరూరా చెప్పుకోవడం దేనికన్నాడు. పేజీ ఆ గంటలోనే దిద్దాము. నాలుగు పంక్తులు అన్నిటికన్నా పైకి ఎక్కాయి. అన్ని కేంద్రాలకు ఫోన్లు చేశాము. పుంగనూరుతో సహా అన్నీ పలికాయి, కుప్పం ఒక్కటే ఎంతకీ పలకలేదు. నేను మరునాటికి సెలవు చీటీ రాసి పెద్దసారు బల్ల మీద పెట్టాను. కారణం దగ్గర ఒంట్లో బాగాలేదని రాశాను. అబద్ధం కాదు.

పొద్దున్నే మొదటి బస్సులో పుంగనూరు వెళ్ళి, కేంద్రంలో అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ పల్లె చేరాను. దారిలో ఆ అమ్మాయి ఆమె సంగతి చెప్పింది. ఇంట్లో అందరూ వేరుశనగే చాలన్నా ఆమె పట్టుబట్టి మల్బరీ పెట్టించుకుందట. రెండు పంటలు బాగానే తీసిందట. మూడోది ఇలా అయ్యాక అత్త ఆమెను షెడ్డు గడప తొక్కనివ్వడం లేదు. పట్టుపురుగు దగ్గర మా వైపు పట్టింపులు ఎక్కువ. చేతివాసి లేని మనిషి ముడితే పురుగు నిలవదంటారు. ఆ మాట ఒకసారి పడితే ఊరంతా తిరిగి మళ్ళీ ఆ ఆడదాని మీదికే వస్తుంది. తోట దున్నేయడానికి ట్రాక్టరు మాట్లాడారు, అది రేపో ఎల్లుండో వస్తుంది.

ఆమె నా ఈడుదే, ఒకటి రెండేళ్ళు చిన్నదేమో. నేను ఎవరో చెప్పగానే నవ్వు ముఖంతో మంచం వాల్చి, లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. నా వ్యాసం వల్ల ఇంత నష్టపోయిన మనిషి నాకు మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. గ్లాసు పట్టుకుని, నేను రాసిన కాగితంలో చివరి నాలుగు పంక్తులు మీ దాకా రాలేదని, అలా కూర్చమన్నది నేనేనని చెప్పాను.

“అట్లనొద్దు అక్కా,” అంది. “మీరు మంచికే రాసినారు. నా చెయ్యే అట్లాంటిది.”

మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆ తప్పును నా చేతిలోంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికి వచ్చిన మనిషిని తప్పు పట్టడం ఆమెకు చేతకావడం లేదు. ఇక్కడ మన అలవాటు ఒకటి గుర్తు చేస్తాను. మన ఇళ్ళలో బియ్యం అయిపోతే లేవు అనరు, నిండుకున్నాయి అంటారు. వెళ్ళిపోయేవాళ్ళు పోతాను అనరు, పోయొస్తా అంటారు. లేదన్న మాటను నోట్లోకి రానివ్వకుండా పెరిగిన మనుషుల ముందు మేము ఒక పెట్టె పెట్టి, అవునా లేదా నొక్కమన్నాము.

ఇంతసేపూ అత్త వాకిలి గడప మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

“అయితే ఆకులో ఇసం ఉండె. దీని చెయ్యి కాదా?”

“కాదు పెద్దమ్మా,” అన్నాను. “నా చెయ్యి.”

ముసలామె చేయి ఆగింది. నా వైపు చూసింది, కోడలి వైపు చూసింది. తర్వాత బొడ్డులోంచి ఒక తాళంచెవి తీసి పక్కన అరుగు మీద పెట్టి మళ్ళీ గింజ తీయసాగింది. అది షెడ్డు తాళం. కోడలు దాన్ని వెంటనే తీసుకోలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మజ్జిగ ఇంకొంచెం పోయమంటారా అని నన్ను అడిగింది. ట్రాక్టరు సంగతి ఏమైందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. బయల్దేరేటప్పుడు మాత్రం ఆమె చేయి పట్టుకుని ఒక మాట అడిగాను. ఇకమీదట నా రాతలో ఏది తప్పుగా తోచినా లేదు అని నొక్కించమన్నాను. ఆమె సిగ్గుపడి, అట్లెట్ల నొక్కేదక్కా అంది.

అక్కడినుంచి కుప్పం. ఫోను పలకని ఊరు కాబట్టి నేనే వెళ్ళాలి. పలమనేరు మీదుగా బస్సు మెల్లగా పోతుంటే, కిటికీ పక్కన పొలాలు, మల్బరీ తోటలు, మామిడి తోపులు, మళ్ళీ మల్బరీ. నిద్రో మెలకువో తెలియలేదు. ప్రతి తోటలోనూ ఆకు కోస్తూ ఎవరో కనబడుతున్నారు, అందరి చేతిలోనూ నా మొదటి కాగితమే ఉన్నట్టు అనిపించింది.

కుప్పం కేంద్రం తెరిచే ఉంది, ఫోను తీగ తెగి వారమయిందట. ఆ కాగితం ఎవరెవరికి ఇచ్చావని అడిగితే, అక్కడి అమ్మాయి ఒకే ఒక్కరికి ఇచ్చానని చెప్పి ఆ రైతు ఇంటికి తీసుకుపోయింది. పెద్దాయన, ఎంతో కాలంగా పట్టుపురుగులు పెంచుతున్న చెయ్యి. షెడ్డులో గూళ్ళు అల్లుకున్న చంద్రికలు, ఆ వెదురు తట్టలు, గోడకు ఆనించి తెల్లగా నిలబడి ఉన్నాయి. నా గుండె బరువు దిగింది. విషయం చెప్పాను.

“ఆ మాట మాకు తెల్సులేమ్మా,” అన్నాడు. “పదైదు దినాలు ఆగాలని మీ కాగితంలో లేకపాయె. మరిసిపోయినారేమో అనుకొంటి.”

ఎప్పుడు చదివావప్పా అని అడిగాను. ఉగాదికి ముందు అన్నాడు. సోమల ఆమె చదవడానికి మూడు నెలల ముందు. ఆయన నొక్కించింది కూడా అవునే. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు కొంచెం లేచిందేమో, కేంద్రం అమ్మాయి నా వైపు చూసింది.

“పెద్ద సదువులు సదివినోళ్ళు రాసినారు. ఆ పాప అంతసేపు సదివి ఇనిపించింది. లేదని యాల జెప్పేదమ్మా? మర్యాద కాదు కదా.”

ఆయన ఆ రోజు ఒక్క లేదు నొక్కి ఉంటే, లేదుల పక్క పడిన మొదటి కాగితం అదే అయ్యేది. మొదటిది కాబట్టి చదివి తీరేదాన్ని. సోమలలో పురుగులు బతికేవి. ఇంత చిన్న మర్యాద అంత దూరం పోయి అక్కడ ఒక షెడ్డు ఖాళీ చేసింది. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. నేను మాత్రం ఏం తక్కువ? ఏ చుట్టాల ఇంట్లోనూ పాయసం మాడిందని నేనూ చెప్పలేదు.

మదనపల్లెకు వచ్చి ఈ సంగతి పేజీలాయనకు చెప్పాను. ఆయన తెరనుంచి ముఖం ఇటు తిప్పి, ఇండ్లలో ఆడోళ్ళు భోజనం బాగుండాదా అని యాడ అడగతారు, ఉప్పు సాలిందా అని గదా అడగతారు, ఉప్పు సాల్లేదనేదానికి ఎవురూ మొగమాటపడరు అన్నాడు. ఇంత తెలివి ఆ కళ్ళద్దాల వెనక ఇన్నాళ్ళూ ఉంటే నేను కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాను. ప్రశ్న పెట్టెను వ్యాసం చిట్టచివరికి దించి, దాని కింద ఇంకొకటి చేర్చాము. చేసి చూశాక ఇందులో ఏది తక్కువైంది? ఈ రెండో ప్రశ్న చదివిన రోజు అడగకూడదు, పంట చేతికొచ్చాక రైతు మళ్ళీ వచ్చినప్పుడు అడగాలి అని కేంద్రాలకు రాశాము.

ఆ తర్వాత నెలల తరబడి దాదాపు ఏమీ రాలేదు. అవునులు కూడా తగ్గిపోయాయి. పెద్దసారు రోజూ నా ఖాళీ బల్ల చూసి నిట్టూర్చేవాడు. తర్వాత ఒకటీ అరా రాసాగాయి. ఫలానా మందు మా అంగట్లో దొరకదు, పేరు మార్చి రాయండి. సున్నం ఎంత వేయాలో దోసిళ్ళలో చెప్పండి. కుప్పం పెద్దాయన ఏకంగా ఒక పేజీ నిండా చెప్పి రాయించాడు. ఇన్నాళ్ళు ఆ మర్యాద వెనక ఎంత దాచుకున్నాడో చూసి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

పుష్యమాసంలో ఒక ఉదయం పుంగనూరు కాగితాల్లో ఒకటి కనిపించింది. లేదు అని గుర్తు. మా వెబ్‌సైటు పుట్టాక లేదు అని వచ్చిన మొదటి కాగితం. సోమల దగ్గరి పల్లెనుంచి. పదవీ విరమణ చేసినప్పుడు అవునుల కట్టలన్నీ ఆ బీరువాలోనే వదిలేసి ఇది ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు కూడా నా ముందే ఉంది. మీరు కూడా ఎవరి రాతనైనా చదివి, చేసి చూసి, తప్పుంటే చెప్పండి. అవతల కూర్చున్న మనిషికి అంతకన్నా మర్యాద ఇంకొకటి లేదు. ఆమె చెప్పి రాయించింది ఇది:

‘తోట పీకలేదు. ఈ పంటకు గూళ్ళు బాగా వచ్చినాయి. మా అత్త కూడా షెడ్డులో నాతో ఆకు వేసింది. అయితే ఆకు కోయడం గురించి మీరు రాసింది సరిగా లేదు. పొద్దున ఆరింటికే కోయమన్నారు. మా ఊరి మంచుకు తొమ్మిదైనా ఆకు ఆరదు. తడి ఆకు వేస్తే పురుగుకు రోగం. మంచు ఆరినాక కోయమని రాయండి. లేదు అని నొక్కించినాను. ఏమీ అనుకోవద్దు అక్కా.’

ఆ ఉదయం కాగితం పట్టుకుని ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళాను. బయట నాకెంతో ఇష్టమైన మంచు. ఊరు సగమే కనిపిస్తోంది. చెయ్యి చాచి, కిటికీ దాకా పెరిగిన వేపకొమ్మ ఆకును ముట్టుకున్నాను. వేళ్ళు తడిశాయి. గోడ గడియారంలో తొమ్మిది దాటింది.